కారణం డాక్టరే చెప్పాలి

ఇంకొక్క ఆరు పడితే అత్తమ్మ బతకదని ఎస్తేరుకు అర్థమైపోయింది.

తెర మీద పేరు మెరుస్తూనే ఉంది. మార్తమ్మ, అత్యవసర విభాగం, నాలుగో మంచం. రోగం: ముక్కు నుంచి రక్తస్రావం. ఇప్పటిదాకా పడిన కోడ్లు: ఐదు, ఆరు, ఆరు. కింద ఎర్రటి గడిలో యంత్రం అడుగుతోంది. మళ్లీ ఆరు?

"వేసెయ్ ఎస్తేరూ, ఆలోచిస్తావేంటి?" అన్నాడు పక్క సీట్లోంచి ఫణి. "పొద్దున్నుంచి నేను ఆర్లే కొడుతున్నా. ఈ ఎండకి గుంటూరంతా ముక్కులు పట్టుకుని మన దగ్గరికే వస్తోంది."

"మా అత్తమ్మ ఫణీ."

ఫణి వేళ్లు ఆగిపోయాయి. "అయితే నువ్వు ముట్టుకోకూడదుగా. చుట్టాల ఫైలు పక్కవాళ్లకి ఇచ్చెయ్యాలి."

"ఇచ్చేస్తా. తీసుకుంటావా?"

ఫణి తన తెర వంక చూసుకున్నాడు. పేర్ల వరస కింద నుంచి పెరుగుతూనే ఉంది. తల దించేసుకున్నాడు. "నేనేం చూళ్లేదు. పో, కిందికి పో."

ముక్కు రక్తానికి రోగం కోడు ఒక్కటే. చికిత్సకు మాత్రం నాలుగు. ముందు భాగంలో తేలిక, ముందు భాగంలో జటిలం, వెనుక భాగంలో మొదటిసారి, వెనుక భాగంలో మళ్లీ. అయిదంకెల కోడులో చివరి అంకె పట్టుకుని కోడింగ్ హాల్లో వాటిని ఒకటి, మూడు, ఐదు, ఆరు అనుకుంటారు. పూర్వం ఆ అంకెలు బిల్లు కోసమే. డాక్టరు పని ముగించి చేతులు కడుక్కున్నాక కోడరు అంకె వేసేవాడు. ఇప్పుడు అంకె పడితేనే పని మొదలవుతుంది. మంచం పక్కనున్న పంపు ఆ అంకెను చదువుకుని, ఏ వైపు, ఎంత లోతుకు, ఎంత గోరింట పంపాలో తేల్చుకుంటుంది.

గోరింట అంటే మందు పేరు. రుబ్బిన ఆకులా ఎర్రగా, చిక్కగా ఉంటుంది. కంటికి ఆనని పూసలు కోట్లకొద్దీ ముక్కులోకి పోయి, తెగిన నాళాన్ని వెతుక్కుని, ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి. గుడ్డ కుక్కడాలు, కాల్చడాలు, రోగి కేకలు, అన్నీ పాతకాలపు మాటలైపోయాయి. దాన్ని ఈ ఆసుపత్రి వెనుక ల్యాబులోనే డాక్టర్ పరాంకుశం తయారుచేశాడు. చలికాలంలో మార్తమ్మకు ఓసారి ముక్కులోంచి రక్తం కారితే అదే పోశారు. "చీమ కుట్టినట్టు కూడా లేదమ్మా" అని ఆవిడ స్తంభాలగరువు వీధంతా చెప్పుకుని తిరిగింది.

ఇప్పుడు ఆ ముక్కే ఆగడం లేదు.

ఎస్తేరు చేతి పలకలోకి ఫైలు ఎక్కించుకుని మెట్ల మీద పరుగెత్తింది. ఆమె ఏ కోడూ వేయకపోతే కాసేపటికి యంత్రం పాత కోడునే తనంతట తాను మళ్లీ నడిపిస్తుంది. పలక అంచున పచ్చటి పట్టీ ఒకటి కొంచెం కొంచెంగా నిండుతోంది. అది నిండేలోగా కొత్త కోడు పడాలి. ఆమెకు కావలసిన కోడు ఒక్కటే ఉంది. 'మందు వల్ల కలిగిన హాని'. అది పడితే పంపు గోరింటను వెనక్కి పిలుస్తుంది. పూసలు ఒకదాన్నొకటి వదిలేసి నీళ్లలా బయటికి వచ్చేస్తాయి. అప్పుడు పాత పద్ధతిలో వెడల్పాటి గాజుగుడ్డ పట్టీ కుక్కి రక్తం ఆపొచ్చు. గోరింట ఉన్నంతసేపూ గుడ్డ నిలవదు. తీస్తే పొరంతా ఊడి వస్తుంది.

ఆ కోడు వేయడం ఆమె చేతుల్లో లేదు. కారణం డాక్టరే చెప్పాలి. 'దీనివల్ల' అన్న మాట వైద్యం చేస్తున్న డాక్టరు నోటి నుంచే రావాలి. కోడరు ఊహించకూడదు, సూచించకూడదు, అందించకూడదు. ఒకప్పుడు కోడర్లు డాక్టర్ల నోట్లో మాటలు పెట్టి లేని రోగాలు రాయించారని చట్టం అంత గట్టిగా బిగించారు. ప్రతి వార్డు పైకప్పులోనూ శ్రోత ఉంటుంది. చెవులే తప్ప కళ్లు లేని యంత్రం. డాక్టరు కంటే ముందు ఆ గదిలో ఎవరు కారణం పేరెత్తినా దాని దీపం ఎర్రబడుతుంది, ఫైలుకు తాళం పడుతుంది. మర్నాడు కమిటీ కూర్చుంటే గాని ఆ తాళం ఊడదు. అడిగిన ప్రశ్నే రెండోసారి అడిగితే ఒత్తిడి కింద లెక్క. దానికీ తాళమే.

ఎండలు ముదిరినప్పటి నుంచి పడుతున్న ఆర్లన్నీ అంతకుముందు గోరింట పోయించుకున్నవాళ్లవే. కోడింగ్ హాల్లో అందరికీ తెలుసు. టీ దగ్గర గుసగుసలాడుకునేవాళ్లు, కప్పు కింద పెట్టేసి మళ్లీ సీట్లలోకి వచ్చి ఆర్లు కొట్టేవాళ్లు. పోయిన వారం ఇద్దరు చచ్చిపోయారు. కారణం బీపీ అన్నాడు ముక్కు రోగులందరినీ చూసే పరాంకుశం. బీపీ అనే కోడు పడింది.

ఇందాక పైనుంచి మైకులో ఎస్తేరు అత్తమ్మ గురించి అడిగినప్పుడు కూడా ఆయన అదే చెప్పాడు. "రక్తపోటు వల్ల" అని, మైకు కట్టేశాడు.

* * *

పొద్దున డాబా మీద మొదలైంది.

సగ్గుబియ్యం వడియాలు పెడుతున్నారు. పాత తెల్ల పంచె పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, మార్తమ్మ గరిటెతో వరసలు తీరుస్తోంది. ఎస్తేరు గిన్నె పట్టుకుని వెనకే నడుస్తోంది.

"అంత పల్చగా కాచావేందే? వడియాలా, గంజా?"

"మీరే ఇంకో చెంబు నీళ్లు పొయ్యమన్నారు."

"నేనంటే నీకు బుద్ధి లేదా? నా కొడుకు ఇంజనెక్కి పోయాడంటే ఇంట్లో తెలివి కూడా వాడితోపాటే పోద్ది."

డేనియేలు గూడ్సు రైలు నడుపుతాడు. తెల్లవారగానే గూడూరు వైపు వెళ్లాడు. డ్యూటీలో ఉన్నంతసేపూ అతని ఫోను కట్టేసే ఉంటుంది. అది రైల్వే వాళ్ల నియమం.

మార్తమ్మ వంగి ఇంకో వడియం పెట్టింది. దాని మీద ఎర్రటి చుక్క పడింది. ఆవిడ అదేంటో తెలియక గరిటెతో పక్కకు తీసింది. ఇంకోటి పడింది. ఆ తర్వాత చుక్కలు కావు, ధార.

"అత్తమ్మా!"

"అరవమాక. ఎండ." ఆవిడ కొంగు ముక్కుకు నొక్కుకుంది. ఆ చేతి కిందనుంచే రక్తం మోచేతి దాకా జారింది. ఎస్తేరు ఆవిడను పట్టుకుని మెట్లు దింపుతుంటే, వెనక్కి తిరిగి మరీ చెప్పింది. "ఆ ఒక్క వరసే పారెయ్యి. పక్క వరసలు బాగానే ఉండాయి. అన్నీ ఊడ్చెయ్యమాక."

ఆటోలో కూర్చున్నాక కూడా ఆవిడకు భయం లేదు. "పోయినసారి చేసినట్టే చేస్తారు. చీమ కుట్టినట్టు కూడా ఉండదు" అంది. ఎస్తేరు ఆటోవాణ్ణి తొందరపెట్టింది. ఆవిడను అత్యవసర విభాగంలో దింపి, డ్యూటీ వేళ అయిందని మేడెక్కి తన సీట్లో కూర్చుంది. ఫైలు తన దాకా రాకూడదని కోరుకుంటూ కూర్చుంది. వచ్చింది.

* * *

ఆసుపత్రి వెనుక ల్యాబులో పరాంకుశం గాజు పెట్టె తలుపు తీశాడు. వేడిగాలి ముఖానికి కొట్టింది.

పెట్టెలో మేక ముక్కు లోపలి పొర ఉంది. కసాయి దగ్గర తెప్పించి, ఉప్పునీళ్లలో బతికించి, దాని మీద గోరింట పూశాడు. పెట్టెలోకి బయట రోడ్డు మీది గాలినే తోడాడు. మే నెల గుంటూరు గాలి, నిప్పుల మీంచి వచ్చినట్టుండే గాలి.

గోరింట బిగుసుకోవాలంటే దానికి తేమ కావాలి. చలికాలంలో ఆ తేమ గాలిలో దొరుకుతుంది. ఇప్పుడు గాలిలో లేదు. అందుకని పూసలు కింద ఉన్న పొరలోంచే నీటిని లాక్కుంటున్నాయి. తాగి ఉబ్బుతున్నాయి. పొర ఎండి, చెరువు అడుగు మట్టిలా పెచ్చులుగా పగిలింది. ప్రతి పగులులోనూ ఒక నాళం తెగి ఉంది. తెగిన చోటును పసిగట్టి మిగతా పూసలు అక్కడికి పరుగెత్తుతున్నాయి, ఇంకా తాగుతున్నాయి. ఎంత మందు పోస్తే అంత పగులు.

ఇది చూడడం ఆయనకు మొదటిసారి కాదు. పోయిన వారం చూశాడు. అంతకుముందూ చూశాడు. చూసిన ప్రతిసారీ ఆ పొరను సింకులో వేసి, నీళ్లు వదిలి, ఎర్రటి నీళ్లు కిందికి పోయేదాకా నిలబడ్డాడు.

ఇప్పుడూ అదే చేశాడు.

గోరింట వెనక్కి పిలిస్తే ఒక్క రోగి ముక్కులోంచే రాదు. హాని కోడు పడిన క్షణంలో, అది ఎవరి ఒంట్లో ఎక్కడున్నా ఒకేసారి వదిలేస్తుంది. చట్టం అలాగే కట్టించింది. మానిన ముక్కులకు దానితో పనే లేదు కాబట్టి ఎవరికీ నష్టం ఉండదనుకున్నారు.

ఒక ముక్కు సంగతి వాళ్లకు తెలియదు. అది పరాంకుశం ముక్కు.

ఆయన వంశంలో నాళాల జబ్బుంది. పలుచటి నాళాలు, తాకితే తెగేవి. ఆయన తండ్రి తెనాలిలో ఒక పెళ్లి పంక్తిలో కూర్చుని ఉండగా ముక్కులోంచి రక్తం మొదలైంది. విస్తట్లో పడింది, అన్నంలో పడింది. పక్కనున్నవాళ్లు విస్తళ్లు వదిలేసి లేచిపోయారు. పెళ్లిలో రక్తం అశుభమని ఆయన్ను వెనుక పశువుల కొట్టంలోకి తీసుకెళ్లి పడుకోబెట్టారు. కుర్రవాడైన పరాంకుశం తువ్వాలు పట్టుకుని పక్కన కూర్చున్నాడు. బయట సన్నాయి మోగుతూనే ఉంది. డాక్టరు రాలేదు. తువ్వాలు బరువెక్కింది.

గోరింట పుట్టింది ఆ కొట్టంలో. దాన్ని మొదట పోసుకుంది ఆయనే, ఎవరికీ చెప్పకుండా, అనుమతి లేకుండా. అప్పటినుంచి ఒక్క చుక్క రాలేదు. ఏసీ ఇంట్లో, ఏసీ కారులో, ఏసీ ల్యాబులో ఆయన పొర ఎండలేదు. మందు ఆయనను కాపాడుతూనే ఉంది. అది వదిలేస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

ఫోను మోగింది. వార్డు నర్సు అమీనా.

"సార్, నాలుగో మంచం తట్టుకోవడం లేదు. పల్సు పడిపోతోంది. కోడరమ్మ కిందికి దిగొచ్చింది. మిమ్మల్నే రమ్మంటోంది."

"ఆరు వేయమని చెప్పు."

"ఆవిడ వేయనంటోంది సార్."

* * *

"దిగొచ్చావా?" మార్తమ్మ స్టీలు బేసిన్ ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. మాట ముక్కులోంచి, రక్తంలోంచి వస్తోంది. "అన్నం తిన్నావా?"

"మీరు మాట్లాడొద్దు అత్తమ్మా."

"మాట్లాడకపోతే చచ్చాననుకుంటారే వీళ్లు."

ఆవిడ పెదాలు తెల్లబడ్డాయి. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. పంపు గొట్టం ఎడమ ముక్కులో ఉంది, దాని పక్కనుంచి రక్తం సన్నగా, ఆగకుండా కారుతోంది. అమీనా ఒక చేతికి రక్తం ఎక్కిస్తోంది. పలక మీద పచ్చ పట్టీ సగం దాటింది.

"పెద్ద ఆపరేషనుకి విజయవాడ పంపొచ్చుగా సిస్టర్?"

"ఈ బీపీతో అంబులెన్సు కృష్ణా వారధి కూడా దాటదమ్మా" అంది అమీనా గొంతు తగ్గించి.

మార్తమ్మ ఎస్తేరు జబ్బ పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "అమ్మాయ్, నాకు తెలుసే. ఇందాక ఆ గొట్టంలోంచి పోసేకొద్దీ ఎక్కువైంది. ఇదంతా ఆ గో..."

ఎస్తేరు అరచెయ్యి ఆవిడ నోటి మీద గట్టిగా పడింది. రక్తం వేళ్ల సందుల్లోంచి వెచ్చగా కారింది. పైకప్పులో శ్రోత దీపం పచ్చ నుంచి పసుపుకు మారి అలాగే నిలిచింది.

"అత్తమ్మా, నా మీద ఒట్టు. మీకేం అనిపించినా సరే, ఆ మాట అనొద్దు. ఈ గదిలో ముందు డాక్టరు గారే చెప్పాలి. మీరంటే తాళం పడిపోద్ది. మీరు రేపటిదాకా..." 

మార్తమ్మ కళ్లు పెద్దవి చేసి చూసింది. చెయ్యి తీశాక, "పెళ్లైనప్పట్నించీ నా నోరు మూయించాలని చూస్తన్నావు. ఇయ్యాల కుదిరింది నీకు" అంది.

దీపం మెల్లగా పచ్చబడింది. అమీనా ఊపిరి వదిలింది.

పరాంకుశం లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చెదరని కోటు, మెడలో స్టెతస్కోపు. ఎస్తేరు వంక చూడకుండా పంపు వంక చూశాడు. "ఆరు ఎందుకు ఆపారు?"

"ప్రశ్న ఉంది డాక్టర్ గారూ."

"చెప్పానుగా. రక్తపోటు."

"ఆవిడ రక్తపోటు ఇప్పుడెంతుంది?"

పరాంకుశం తెర వంక చూశాడు. చూసిన అంకె ఆయనకు నచ్చలేదు. "తక్కువగా ఉంది. ఇప్పుడు తక్కువ. మొదలైనప్పుడు ఎక్కువ ఉండి ఉంటుంది. పైగా ఈవిడ గుండెకు రక్తం పలచబడే మాత్రలు వాడుతోంది. అందువల్ల ఆగడం లేదు. రాసుకోండి."

శ్రోత ఆ మాటను పట్టుకుంది. పలక మీద కొత్త కోడు పేరు మెరిసింది. ఎస్తేరు దాన్ని నొక్కితే దాని వెంట మళ్లీ ఆరు పరుగెత్తుతుంది. ఆమె వేలు గాలిలోనే ఉంది.

మంచం మీంచి నీరసంగా ఒక గొంతు వచ్చింది. "ఆ బిళ్లలు నేను మింగలా."

అందరూ ఆవిడ వంక తిరిగారు.

"అత్తమ్మా! రోజూ నా ఎదుటే వేసుకుంటారుగా!"

"నీ ఎదుట నోట్లో ఏసుకుంటా. నువ్వటు తిరిగాక కరేపాకు కుండీలో ఊసేస్తా. అవి మింగితే కడుపులో మంట. నీ మొగుడికి చెప్పమాక." కాస్త ఆగి, "ఆ చెట్టు బాగానే పెరుగుతోంది" అంది.

వేరే రోజైతే ఎస్తేరు ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు ఆ ముసలి నుదుటి మీద ముద్దు పెట్టుకోవాలనిపించింది. మాత్రల కారణం పోయింది. పలక మీద ఆ కోడు దానంతట అదే మాయమైంది. పచ్చ పట్టీ మాత్రం ముందుకే పోతోంది.

"డాక్టర్ గారూ, మాత్రలు వాడని మనిషికి రక్తం ఎందుకు ఆగడం లేదు?"

"ఎండ" అన్నాడు పరాంకుశం వెంటనే. "ఈ సంవత్సరం ఎండలకు ముక్కు లోపలి పొరలు ఎండిపోతున్నాయి. చాలామందికి ఇలాగే ఉంది."

"ఎండలో తిరిగేవాళ్లందరికీ ఇలాగే ఉందా?"

"లేదు."

"మరి ఎవరికి?"

దీపం పసుపైంది. పైకప్పులోంచి మనిషిది కాని మర్యాద గొంతు వినిపించింది. "ప్రశ్నలో సూచన ఉండవచ్చు. కోడరు గమనించగలరు."

ఎస్తేరు నాలుక కరుచుకుంది. అడగాల్సినవన్నీ ఒక్కొక్కటిగా అయిపోతున్నాయి. అడిగింది మళ్లీ అడగకూడదు. అడగనివన్నీ ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతున్నాయి, కొంచెం దగ్గరికి వెళితే ఎరుపు. ఎదురుగా ఉన్న మనిషికి జవాబు తెలుసు. ఆయన చేతులు జేబుల్లో ఉన్నాయి, కళ్లు మార్తమ్మ ముఖం తప్ప గదిలో అన్నిటినీ చూస్తున్నాయి. తెలియనివాడు నిలబడే తీరు కాదది.

"సార్, పల్సు అందడం లేదు" అంది అమీనా.

అప్పుడు పరాంకుశం వంగక తప్పలేదు. మార్తమ్మ మెడ మీద వేళ్లు పెట్టి నాడి వెతికాడు. ఆయన ముఖం ఆవిడ ముఖానికి జానెడు దూరంలోకి వచ్చింది. ఆవిడ కళ్లు సగం మూతలు పడి ఉన్నాయి. ఆ సగం కళ్లతోనే ఆయన్ను పరీక్షగా చూసింది.

"డాక్టరు బాబూ, నీ పెదాల మీద ఆ ఎర్ర చుక్కలేంది? పచ్చికారం కొరికావా?"

పరాంకుశం చటుక్కున నిటారుగా నిలబడ్డాడు. చెయ్యి నోటికి అడ్డం పోయింది. ఆ చేతి వేళ్ల చివర్ల మీద కూడా సూదితో గుచ్చినట్టు ఎర్రటి చుక్కలున్నాయి. ఎస్తేరు చూసింది.

ఆ చుక్కలకు ఒక కోడుంది. ఏటా ఒకటో రెండో తప్ప పడని కోడు. వంశంలో వచ్చే నాళాల జబ్బు, జీవితాంతం ముక్కు రక్తం. ఆ జబ్బున్న మనిషి ఈ ఆసుపత్రిలో ఇన్నేళ్లుగా, ఒక్కనాడూ రుమాలు ముక్కుకు పెట్టుకోకుండా ఎలా తిరుగుతున్నాడు?

ఆయన ముక్కులోనూ గోరింటే ఉంది. కోపం వస్తుందనుకుంది. రాలేదు. మార్తమ్మ బేసిన్ వంక చూసినప్పుడల్లా ఆయన తన ముక్కు తడుముకుంటున్నాడు. ఈయన అబద్ధమాడుతున్నది పేరు కోసం కాదు. చావు భయంతో. అచ్చం అత్తమ్మ పడుతున్న చావే.

పచ్చ పట్టీ చివరికి దగ్గర పడింది.

ఎస్తేరు ఆయన వైపు తిరగలేదు. నర్సు వైపు తిరిగింది.

"సిస్టర్, ఐదో మంచం ఖాళీయేనా?"

"ఖాళీయే."

"దుప్పటి మార్చండి. పాత రకం గాజుగుడ్డ పట్టీలు స్టోరులో ఉంటాయి కదా, రెండు చుట్టలు తెప్పించండి. ఒకటి మా అత్తమ్మకి. ఒకటి డాక్టరు గారికి. ఆయన గ్రూపు రక్తం కూడా తెప్పించి పక్కన పెట్టుకోండి. గుడ్డ కుక్కడం వచ్చిన వాళ్లను ఎవరినైనా పిలవండి."

అమీనా నోరు తెరిచింది. ఎస్తేరు ముఖం చూసి మూసుకుంది. ఫోను అందుకుంది.

దీపం పచ్చగానే ఉంది. మంచం, గుడ్డ, రక్తం. వాటిలో సూచన ఏమీ లేదు. శ్రోత వినదగినదేదీ అందులో లేదు.

పరాంకుశం ఎస్తేరును మొదటిసారి నేరుగా చూశాడు. "మీకు తెలిసిపోయింది" అన్నాడు.

"మా అత్తమ్మను ఎవరూ వెనక కొట్టంలో పడేయకుండా నేను పట్టుకుని కూర్చున్నా కదా డాక్టర్ గారూ. మిమ్మల్నీ అలాగే చూసుకుంటాం. నేను కదలను."

ఆ కొట్టం మాట ఆమె ఏదో అలా అన్నదే. ఆయన మాత్రం పిడికిలి బిగించి, గోడకు ఆనుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అక్కడ డాక్టరు రాలేదమ్మా" అన్నాడు, ఎవరికీ అర్థం కాకుండా. "నేను ఒక్కణ్ణే ఉన్నా."

ఎవరో ట్రాలీ తోసుకొచ్చారు. దాని మీద తెల్లటి గాజుగుడ్డ చుట్టలు, వాజలీను సీసా, వంపు తిరిగిన పటకారు. ఎన్నో ఏళ్లుగా ఎవరూ ముట్టని సామాను. పరాంకుశం వాటి వంక చూశాడు. ఒక చుట్ట అందుకుని, అలవాటైన చేతులతో చివర విప్పి, తన ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ముందు నాకు కుక్కుకుంటాను. తర్వాత చెబుతాను."

"కుక్కుకుంటే గొంతు మారిపోద్ది సార్" అంది అమీనా మెల్లగా. "శ్రోత మీ గొంతు గుర్తుపట్టదు."

అది నిజం. పచ్చ పట్టీ నిండడానికి వెంట్రుకవాసి మిగిలింది. మంచం మీద మార్తమ్మ తల ఎస్తేరు భుజం మీదికి వాలిపోయింది. "పిల్లా," అంది, ఊపిరితోనే. "ఆ మిగతా వరసలు..." ఆ మాట పూర్తి కాలేదు.

"అత్తమ్మా! కళ్లు తెరవండి! అత్తమ్మా!"

పరాంకుశం చేతిలో గుడ్డ జారి నేల మీద చుట్టలుగా విచ్చుకుంది. నడిచి వచ్చి ఐదో మంచం అంచున కూర్చున్నాడు. కోటు విప్పి పక్కన పెట్టాడు. ముక్కులో గుడ్డ లేదు. చేతులు రెండూ మోకాళ్ల మీద ఆనించుకున్నాడు.

ఎస్తేరు నాలుగో మంచం దగ్గరే ఆయన వైపు తిరిగి నిలబడి, అత్తమ్మను ఒక చేత్తో పొదువుకుని, పలకను రెండో చేత్తో పట్టుకుంది.  ఇప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న ఒక్కటే మిగిలింది.

"డాక్టర్ గారూ, మీరు చూసింది చెప్పండి."

ఆయన పెదాలు కదిలాయి.

"మాట స్పష్టంగా లేదు" అంది శ్రోత. "వైద్యుడు గట్టిగా చెప్పగలరు."

పరాంకుశం కళ్లు మూసుకున్నాడు. తల ఎత్తాడు.

"మేక పొర మీద చూశాను, మూడుసార్లు చూశాను, కడిగేశాను. పోయినవారం పోయిన ఇద్దరిదీ ఇదే కారణం. ఈవిడదీ ఇదే. బీపీ కాదు, మాత్రలు కాదు, ఎండ ఒక్కటే కాదు." గొంతు పెంచాడు. వార్డు చివరి మంచం దాకా వినిపించింది. "ఈ రక్తం గోరింట వల్ల. నేను చేసిన గోరింట వల్ల."